జపాన్ బడిలో ఇంగ్లిష్ టీచర్‌గా చేరారా? మొదటి నెల ఇలా సర్దుకోండి

జపాన్‌లో ఏఎల్‌టీ ఉద్యోగం అంటే ప్రభుత్వ బడిలో అక్కడి టీచరుతో కలిసి ఇంగ్లిష్ పాఠం చెప్పే అసిస్టెంట్ టీచరు పని. ఈ ఉద్యోగం వచ్చిన మనవాళ్ల దగ్గర్నుంచి ఏటా అవే ప్రశ్నలు వస్తుంటాయి. ఎంత డబ్బు పట్టుకెళ్లాలి? మన మిక్సీ పనిచేస్తుందా? బ్యాంకువాళ్లు ఖాతా ఎందుకు ఇవ్వట్లేదు? బడి భోజనంలో గొడ్డుమాంసం వస్తే ఏం చేయాలి? అందరి చెత్తా తీసుకెళ్లి నా సంచీ ఒక్కటే ఎందుకు వదిలేశారు? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

వీసా, ఇంటర్వ్యూ సంగతులు ఇందులో లేవు. విమానం దిగిన రోజు నుంచి ఇల్లు, బడి ఒక దారిన పడేదాకా ఏం చేయాలన్నది మాత్రమే ఉంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అక్కడ ఒక కాగితం ఉంటేనే ఇంకో కాగితం పుడుతుంది. చిరునామా లేకపోతే బ్యాంకు లేదు, బ్యాంకు లేకపోతే జీతం లేదు. అందుకే కింది మెట్లను వరసగానే ఎక్కండి.

కావలసినవి

కాగితాలు: పాస్‌పోర్టు, వీసాకు ఆధారమైన సీఓఈ (అర్హత ధ్రువపత్రం), ఉద్యోగ ఒప్పందం, డిగ్రీ సర్టిఫికెట్. వీటితోపాటు మీరు చదివిన స్కూలు, కాలేజీల నుంచి ఇంగ్లిష్ మీడియం అని రాయించుకున్న లెటర్లు కూడా పెట్టుకోండి. బడుల్లో భాష నేర్పేవాళ్లకు ఇచ్చే వీసా హోదాకు ఆ భాషలో 12 ఏళ్లు చదివిన రుజువు అడుగుతారు. తర్వాత ఉద్యోగం మారినా అది కావాలి. అక్కడికెళ్లాక గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న స్కూలు నుంచి లెటరు తెప్పించడం చాలా కష్టం.

డబ్బు: రెండున్నర నుంచి మూడు లక్షల యెన్లు. ఎక్కువనిపిస్తుంది కానీ మొదటి జీతం రెండో నెల చివర్లో చేతికి వచ్చే ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. ఇల్లు మీరే వెతుక్కోవాలంటే ఇది చాలదు. డిపాజిట్, ఇంటి యజమానికి కానుకగా ఇచ్చే రేకిన్ (ఇది తిరిగి రాదు), పూచీ కంపెనీ ఫీజు, ఫైర్ ఇన్సూరెన్స్, మొదటి నెల అద్దె, అన్నీ ముందే కట్టాలి. బడివాళ్లో ఏజెన్సీవాళ్లో ఇల్లు చూపిస్తామంటే మొదటి ఏడాదికి ఒప్పుకోండి.

మందులు: డాక్టరు రాసిచ్చినవి నెలకు సరిపడా తేవచ్చు. అంతకన్నా ఎక్కువైతే బయల్దేరే ముందే అక్కడి ఆరోగ్యశాఖ నుంచి దిగుమతి అనుమతి పత్రం తీసుకోవాలి. జలుబు మాత్రల అట్ట వెనక ఉన్న పేర్లు చదవండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించిన మందులు జపాన్‌లోకి తేకూడదు. కోడీన్ ఉన్న దగ్గు మందుల జోలికీ పోవద్దు.

వంట: ఇండక్షన్ అడుగున్న చిన్న కుక్కరు, పోపు గరిటె, ఎండుమిర్చి, చింతపండు, ఇంగువ, పొడులు, గట్టిగా సీల్ చేసిన ఆవకాయ. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు, మాంసంతో చేసిన ఏ పచ్చడైనా తేవద్దు. మొక్కలు, మాంసం తనిఖీ చేసే అధికారులు ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. చెప్పకుండా దాచి తెస్తే శిక్ష కూడా ఉంది.

మిక్సీ: అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ సరిగ్గా తిరగదు. అమెరికా వెళ్లేవాళ్ల కోసం మన షాపుల్లో అమ్మే 110 వోల్టుల మిక్సీ కొంచెం నెమ్మదిగానైనా తిరుగుతుంది. ప్లగ్గు రెండు బద్ద పిన్నులది. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లకు చిన్న అడాప్టర్ చాలు.

మిగతావి: పల్లెటూరి బడి అయితే ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. పాదం పెద్దదైతే రెండు జతల బూట్లు, ఎందుకంటే 28 సెంటీమీటర్లు దాటిన సైజులు అక్కడి మామూలు షాపుల్లో దొరకడం కష్టం. ఆ రెండు జతల్లో ఒకటి బడి లోపల మాత్రమే వేసుకోవడానికి, అడుగు శుభ్రంగా ఉండాలి.

1. ఎయిర్‌పోర్టులో కార్డు తీసుకోండి

నరితా, హనేదా, కన్సాయ్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దిగితే ఇమిగ్రేషన్ దగ్గరే జైర్యూ కార్డు ఇస్తారు. ఇది మీ నివాస గుర్తింపు కార్డు, ఎప్పుడూ వెంట ఉండాలని చట్టం. ఫొటో తీసి ఫోన్లో పెట్టుకుంటే సరిపోదు. కౌంటరు వదిలే ముందు పేరు, పుట్టిన తేదీ, గడువు సరిచూసుకోండి. తప్పుంటే అక్కడే చెప్పండి.

2. మీ పేరును కటకానాలో ఒక్కసారే ఖాయం చేసుకోండి

మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది తెచ్చేది ఇదే. ఇంటిపేరు, దేవుడి పేరు, పెట్టిన పేరు, పిలిచే పేరు కలిపి మన పాస్‌పోర్టులో నాలుగైదు ముక్కలుంటాయి. జపాన్‌లో ప్రతి ఫారంలోనూ దీన్ని కటకానా లిపిలో రాయాలి. సిటీ ఆఫీసులో ఒక గుమస్తా ఒకలా రాస్తారు, బ్యాంకులో ఇంకొకరు ఇంకోలా రాస్తారు. దీర్ఘం ఒకటి పెరిగినా, ముక్కల వరస మారినా బ్యాంకు దృష్టిలో మీరు వేరే మనిషి. జీతం మీ ఖాతాలో పడకుండా వెనక్కి పోతుంది.

కాబట్టి మొదటి రోజే మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన జపాన్ వ్యక్తితో పాస్‌పోర్టులోని పూర్తి పేరును అదే వరసలో కటకానాలో రాయించుకోండి. చిన్న అట్ట మీద రాసి పర్సులో పెట్టుకుని, ప్రతి కౌంటరులోనూ అదే చూపించండి. బడిలో పిల్లలు పిలవడానికి మాత్రం చిన్న పేరు ఒకటి ఎంచుకోండి. ఆ పేరు అధికారిక కాగితాల మీదకి రానివ్వకండి.

ఫారాల్లో ఇంకో చిక్కు: పుట్టిన సంవత్సరాన్ని జపాన్ చక్రవర్తుల కాలం లెక్కలో అడుగుతారు. 1989 నుంచి 2019 ఏప్రిల్ దాకా హేసేయ్, ఆ తర్వాత రేవా. సంవత్సరం లోంచి 1988 తీసేస్తే హేసేయ్ సంఖ్య వస్తుంది, 2018 తీసేస్తే రేవా సంఖ్య వస్తుంది. 1999లో పుట్టినవాళ్లు హేసేయ్ 11. ఇది కూడా ఆ అట్ట మీదే రాసుకోండి.

3. పద్నాలుగు రోజుల్లోపు సిటీ ఆఫీసుకు వెళ్లండి

ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు మీ ఊరి షియాకుషో (ఊరు చిన్నదైతే యాకుబా) వెళ్లి చిరునామా నమోదు చేయించాలి. పాస్‌పోర్టు, జైర్యూ కార్డు, అపార్ట్‌మెంట్ గది నంబరుతో సహా పూర్తి చిరునామా తీసుకెళ్లండి. గది నంబరు మర్చిపోతే రావలసిన ఉత్తరాలు రావు.

అదే రోజు మూడు పనులు చేయండి. నివాస ధ్రువపత్రం, అంటే జూమిన్‌హ్యో, రెండు కాపీలు తీసుకోండి. చెత్త పట్టిక అడగండి, చాలా ఊళ్లలో ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. మీ కంపెనీ మిమ్మల్ని ఉద్యోగుల ఆరోగ్య బీమాలో చేర్చకపోతే అక్కడే జాతీయ ఆరోగ్య బీమాలో చేరండి. ఈ బీమా ప్రీమియం కిందటి ఏడాది ఆదాయాన్ని బట్టి ఉంటుంది. మొదటి ఏడాది జపాన్ ఆదాయం సున్నా కాబట్టి తక్కువే వస్తుంది, రెండో ఏడాది బాగా పెరుగుతుంది. బీమా ఉంటే ఆస్పత్రి బిల్లులో 30 శాతం మీరు కట్టాలి.

"నేను కుర్రాణ్ని, నాకేం రోగం" అని బీమా వాయిదా వేయకండి. చేరడం తప్పనిసరి. ఆలస్యంగా చేరినా మీరు వచ్చిన తేదీ నుంచి లెక్కగట్టి వసూలు చేస్తారు.

సరిచూసుకోండి: కార్డు వెనక వైపు మీ చిరునామా అచ్చయి ఉండాలి. కొన్ని వారాల్లో 12 అంకెల మై నంబర్ ఉత్తరం ఇంటికి వస్తుంది. రాకపోతే పోస్టుబాక్సు మీద మీ పేరు ఉందో లేదో చూడండి. పేరు లేని పెట్టెలో ఉత్తరం వేయకుండా తిరిగి పంపేయడం మామూలే.

4. ఫోను, తర్వాత బ్యాంకు

బ్యాంకువాళ్లు ఫోన్ నంబరు అడుగుతారు, ఫోన్ కంపెనీవాళ్లు బ్యాంకు కార్డు అడుగుతారు. ఈ ముడి విప్పాలంటే విదేశీ కార్డుతో గానీ కన్వీనియెన్స్ స్టోరులో నగదుతో గానీ కట్టనిచ్చే సిమ్ ముందు తీసుకోండి. డేటా మాత్రమే ఉన్న సిమ్ కొని ఇరుక్కునేవాళ్లు చాలామంది. బ్యాంకుకు మాట్లాడే నంబరు కావాలి.

వచ్చి ఆరు నెలలు కాలేదని కొన్ని బ్యాంకులు తిప్పి పంపుతాయి. పోస్టాఫీసు బ్యాంకు, అంటే యూచో, కొత్తగా వచ్చినవాళ్లకు కొన్ని పరిమితులతో ఖాతా ఇస్తుంది. ఉద్యోగ ఒప్పందం పట్టుకెళ్లి, జీతం పడే ఖాతా అని చెప్పండి. బడిలో ఎవరైనా తోడు వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, మొహమాటపడకుండా అడగండి. హాంకో అనే పేరు ముద్ర చాలాచోట్ల అవసరం లేకుండా పోయింది, అయినా బడి హాజరు పట్టీకి అడగవచ్చు. చవకలోనే చేయిస్తారు.

సరిచూసుకోండి: పాస్‌బుక్ మొదటి పేజీలో కటకానా పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే మీ కంపెనీకి పంపండి. ఫొటో తీసి పంపితే ఇంకా మంచిది.

5. వంటింటిని మన వంటకు తగ్గట్టు చేసుకోండి

గ్యాస్ కనెక్షన్ ఇచ్చే రోజు మీరు ఇంట్లో ఉండాలి. మనిషి వచ్చి పరీక్షించి తెరుస్తారు. చాలా ఇళ్లలో స్టవ్వు ఉండదు, మీరే కొనాలి. కొనే ముందు మీ ఇంటికి వచ్చేది పైపు గ్యాసా, సిలిండరు గ్యాసా తెలుసుకోండి. ఒకదాని స్టవ్వు ఇంకొకదానికి పెడితే ప్రమాదం. "అడ్జస్ట్ అవుతుందిలే" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

మనవాళ్లు ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటుంది: "పెనం కాగుతుండగానే మంట దానంతటదే చిన్నదైపోతోంది, స్టవ్వు పాడైందా?" పాడవలేదు. 2008 నుంచి జపాన్‌లో ఇళ్ల గ్యాస్ స్టవ్వులకు ప్రతి బర్నరు మధ్యా ఒక సెన్సారు ఉండాలని రూలు. నూనె వేడెక్కి అంటుకోకుండా అది మంట తగ్గిస్తుంది, ఇంకా వేడెక్కితే ఆర్పేస్తుంది. ఖాళీ దోసె పెనం, పుల్కా, పోపు, అన్నీ దాని లెక్కలో ప్రమాదమే. చాలా స్టవ్వుల మీద అధిక వేడికి వేరే బటన్ ఉంటుంది. కొన్నింటిలో దాన్ని మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. దోసెలకు అది వాడండి, అయిపోగానే తీసేయండి, మంట దగ్గర్నుంచి కదలకండి. సెన్సారు మీద ఏదైనా పెట్టి మోసం చేసే చిట్కాలు చెప్పేవాళ్లుంటారు, వినకండి.

ఇంట్లో ఇండక్షన్ ఉంటే అల్యూమినియం గిన్నెలు పనిచేయవు. అందుకే కుక్కరు సంగతి పైన అంతగా చెప్పాను.

కంది పప్పు, బియ్యప్పిండి, కరివేపాకు టోక్యోలో ఉంటే నిషికసాయ్‌లో, షిన్‌ఓకుబోలో దొరుకుతాయి. ఊరు దూరమైతే ఇండియన్ షాపులు ఆన్‌లైన్‌లో పంపుతాయి. అక్కడి బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది. పులిహోరకు కుదరదు గానీ పెరుగన్నానికి, ఇడ్లీ రవ్వ లేనప్పుడు పొంగలికి భేషుగ్గా ఉంటుంది. అక్కడి సూపర్ మార్కెట్లో పెట్టెల్లో అమ్మే కర్రీ బిళ్లల్లో చాలావాటిలో గొడ్డు, పంది కొవ్వు కలుస్తుంది. కూరగాయల బొమ్మ చూసి కొనేయకండి. అపార్ట్‌మెంట్ గోడలు పలచన, మిక్సీ రాత్రి ఎనిమిదిలోపు ముగించండి.

6. చెత్తను పట్టిక ప్రకారమే పెట్టండి

చుట్టుపక్కలవాళ్లు మిమ్మల్ని ఎలాంటి మనిషి అనుకుంటారో ఎక్కువగా దీన్ని బట్టే ఉంటుంది. నా ఉద్దేశంలో జపనీస్ భాష కన్నా ముందు నేర్చుకోవలసింది ఇదే.

ఏ ఊరి రూలు ఆ ఊరిది. తొకుషిమా జిల్లాలోని కమికత్సు అనే ఊళ్లో చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారు. మీ ఊళ్లో అన్ని ఉండవు గానీ కాలేది, కాలనిది, ప్లాస్టిక్, పెట్ బాటిళ్లు (నీళ్లు, కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు), డబ్బాలు, గాజు, కాగితం, పెద్ద సామాను అన్న విభజన దాదాపు అంతటా ఉంటుంది.

ముందు మీ ఊరికి ప్రత్యేక సంచులున్నాయో లేదో చూడండి. ఉంటే సూపర్ మార్కెట్లో అమ్ముతారు. వేరే సంచీలో పెడితే తీసుకెళ్లరు. కూరగాయల తొక్కలు, అన్నం, కాఫీ పొడి నీళ్లు వాడ్చి కాలే చెత్తలో వేయాలి. పెట్ బాటిల్ మూత తీసి, లేబుల్ చించి, కడిగి, నలిపి పెట్టాలి. మూత, లేబుల్ ప్లాస్టిక్‌లోకి వెళ్తాయి. ఆవకాయ సీసా అయితే నూనె జిడ్డు పోయేదాకా కడగాలి. పూరీలు, బజ్జీలు వేయించిన నూనె సింకులో పోయకండి. గట్టిపరిచే పొడి చవక షాపుల్లో దొరుకుతుంది, వేడి నూనెలో కలిపితే చల్లారాక ముద్దలా లేచి వస్తుంది. పాత గుడ్డకో న్యూస్‌పేపర్‌కో పీల్చుకోనిచ్చినా సరే. రెండూ కాలే చెత్తలోకే. పవర్‌బ్యాంకులు, రీచార్జ్ బ్యాటరీలు మాత్రం ఏ మామూలు సంచీలోనూ వేయకండి, చెత్త లారీల్లో మంటలు లేస్తాయి. వాటిని సేకరించే చోటు పట్టికలో ఉంటుంది.

ఆ రోజు పొద్దున్న, ఎక్కువ ఊళ్లలో ఎనిమిదిలోపు, పెట్టాలి. ముందు రాత్రే పెడితే కాకులు చించి పోస్తాయి. వల ఉంటే సంచీ దాని కింద పూర్తిగా దూరాలి. మంచం, కుర్చీ లాంటివి ఫోన్ చేసి తేదీ తీసుకుని, స్టోరులో స్టిక్కరు కొని అంటించి పెట్టాలి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీలకు చట్టమే వేరు, రీసైకిల్ ఫీజు కట్టి షాపు ద్వారా ఇవ్వాలి. అందుకే వెళ్లిపోయే టీచర్లు "ఉచితం" అని ఇచ్చే పాత ఫ్రిజ్ తీసుకునే ముందు ఒకసారి ఆలోచించండి.

సరిచూసుకోండి: సాయంత్రం ఇంటికి వస్తూ చెత్త చోటు చూడండి. మీ సంచీ, తప్పుందని చెప్పే స్టిక్కరుతో అక్కడే ఉంటే దాన్ని లోపలికి తెచ్చి, మళ్లీ వేరు చేసి, సరైన రోజున పెట్టండి. ఎవరూ చూడలేదని వదిలేయకండి, అది విదేశీయుల సంచీ అని అక్కడ అందరికీ తెలుస్తుంది.

7. స్టాఫ్‌రూమ్‌లో మొదటి వారం

గుమ్మం దగ్గర బయటి బూట్లు విప్పి అరలో పెట్టి, లోపలి బూట్లు వేసుకోండి. స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్తూ అందరికీ వినపడేలా "ఒహాయో గొజాయ్‌మాస్" (గుడ్ మార్నింగ్) అనండి. వెళ్లిపోతూ "ఒసకి ని షిత్సురేయ్ షిమాస్" అనండి. మీకన్నా ముందు వెళ్తున్నందుకు మన్నించండని దాని భావం. ఇంకేమీ రాకపోయినా ఈ రెండూ రోజూ చెప్పే టీచరుకు అందరూ దగ్గరవుతారు.

రోజువారీ విషయాలకు మీరు వెళ్లవలసింది ప్రిన్సిపాల్ దగ్గరికి కాదు, వైస్ ప్రిన్సిపాల్ దగ్గరికి. ఆయన్ని క్యోతో-సెన్సేయ్ అంటారు. సెలవు, ఒంట్లో బాగాలేకపోవడం, ఆలస్యం, అన్నీ ముందు ఆయనకు తెలియాలి. ఏజెన్సీ ద్వారా వెళ్తే సెలవు సంగతి ఏజెన్సీకి కూడా చెప్పాలి. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు "సుమిమాసెన్, ఇమా దైజోబు దెస్ కా" అని ఖాళీగా ఉన్నారేమో కనుక్కోండి.

మధ్యాహ్నం పిల్లలే బడి ఊడ్చి తుడుస్తారు. మీరూ ఒక గుడ్డ అందుకోండి. క్లాసులో నోరు విప్పని పిల్లలు అప్పుడే మాట్లాడతారు.

పిల్లల ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టకండి, వెనక నుంచి తీసినవి కూడా వద్దు. విద్యార్థులతో లైన్ అనే మెసేజ్ యాప్‌లో గానీ ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ కనెక్ట్ అవ్వకండి. ఉద్యోగం పోయేది ఎక్కువగా ఇలాంటి వాటివల్లే. సాయంత్రాలు బయట ప్రైవేటు చెప్పి డబ్బు తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ నుంచి వేరే అనుమతి కావాలి.

ఊరికి వచ్చి వెళ్లినప్పుడు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ స్వీటు పంచడం అక్కడి ఆనవాయితీ. విడివిడిగా ప్యాక్ చేసినవే తీసుకెళ్లండి. పూతరేకులు రుచికి అద్భుతమే గానీ టేబుల్ మీద పొడి పొడి అవుతాయి. చిన్న ప్యాకెట్లలో జీడిపప్పు పాకం, వేరుశనగ చిక్కీ బాగా నడుస్తాయి. వేరుశనగ, జీడిపప్పు ఉన్నాయని రాసిపెట్టడం మర్చిపోకండి, అలర్జీ ఉన్నవాళ్లుంటారు.

8. బడి భోజనం: ఎరుపు గడి చదవండి

ప్రాథమిక బడుల్లో, చాలా జూనియర్ హైస్కూళ్లలో మధ్యాహ్నం బడి భోజనం, అంటే క్యూషోకు, ఉంటుంది. పిల్లలు, టీచర్లు క్లాసులోనే కలిసి తింటారు. మీ భోజనం డబ్బు మీరే కట్టాలి, ఖరీదు ఎక్కువ కాదు.

నెల మొదట్లో కొందతే-హ్యో అనే మెనూ కాగితం ఇస్తారు. రోజుకో వరస. అందులో వంటకం పేరు, దాని పక్కన అందులో పడిన సరుకులు మూడు గడుల్లో ఉంటాయి: ఒంటికి పుష్టినిచ్చేవి ఎరుపు, శక్తినిచ్చేవి పసుపు, ఆరోగ్యాన్ని సరిచేసేవి ఆకుపచ్చ. మాంసం, చేప, గుడ్డు, పాలు, సోయా ఎరుపు గడిలోనే ఉంటాయి. కాబట్టి జపనీస్ చదవడం రాకపోయినా మీరు నేర్చుకోవలసింది నాలుగైదు గుర్తులే. గ్యూనికు అంటే గొడ్డుమాంసం, బుతానికు పంది, తోరినికు కోడి. వీటి అక్షరాలను పక్క సీటు టీచరుతో కాగితం మీద పెద్దగా రాయించుకోండి. మెనూ రాగానే ఎరుపు గడిలో వాటికోసం వెతికి, ఆ తేదీల చుట్టూ పెన్సిలుతో గీయండి.

గొడ్డుమాంసం తినకపోతే "షూక్యో నో రియూ దె, గ్యూనికు వా తబెరారేమాసెన్" అని, అంటే మతపరమైన కారణంతో తినలేనని, మొదటి వారమే క్యోతో-సెన్సేయ్‌కు చెప్పండి. వింటారు, అర్థం చేసుకుంటారు. ఆ రోజుల్లో ఇంటి నుంచి బాక్సు తెచ్చుకోవచ్చా అని అడగండి. పూర్తి శాకాహారులైతే క్యూషోకు వద్దని మొదటే చెప్పి రోజూ బాక్సు తెచ్చుకోవడమే మంచిదంటాను. ఎందుకంటే సూపులో, ఉడికిన కూరగాయల్లో, టోఫూ మీద పోసే రసంలో కూడా ఎండు చేప నుంచి తీసిన దాషి ఉంటుంది. అలర్జీ పట్టిక చూసుకుంటే చాలనుకునేవాళ్లున్నారు, చాలదు. అక్కడ తప్పనిసరిగా చూపాల్సిన అలర్జీ సరుకుల్లో గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య లాంటివి ఉన్నాయి గానీ గొడ్డు, పంది, కోడి లేవు.

తినేవాళ్లకు ఒక మాట. ప్లేటులో వదిలేయడం బాగుండదు, పిల్లలు మిమ్మల్నే చూస్తుంటారు. ఎక్కువనిపిస్తే, తినడం మొదలుపెడుతూ అందరూ చెప్పే "ఇతదకిమాస్" అనకముందే కొంచెం తీయించుకోండి. ఆ తర్వాత తీస్తే ఎంగిలి.

సాయంత్రం టీచర్ల విందులకు పిలిస్తే ఒకటి రెండింటికైనా వెళ్లండి. మందు తాగకపోతే ఊలాంగ్ టీ చెప్పండి, ఎవరూ బలవంతం చేయరు. తిండి నియమాలు మాత్రం విందు ఏర్పాటు చేసేవాళ్లకు కొన్ని రోజుల ముందే చెప్పాలి, అక్కడ కూర్చున్నాక కాదు.

9. మొదటి పాఠం

ప్రాథమిక బడిలో పీరియడు 45 నిమిషాలు, జూనియర్ హైస్కూల్లో 50. 2020 నుంచి ఐదు, ఆరు తరగతులకు ఇంగ్లిష్ మార్కులుండే సబ్జెక్టు అయింది. మూడు, నాలుగు తరగతుల్లో ఆటపాటలతో అలవాటు చేస్తారు. అంటే పెద్ద తరగతుల టీచర్లకు సిలబస్ ఒత్తిడి ఉంటుంది. మీ ఆటలకు ఎంత సమయం ఇస్తారో ముందే అడగండి. కూర్చుని చర్చించే తీరిక దొరకదు, వరండాలో నడుస్తూ ఐదు నిమిషాలు దొరుకుతుంది. ఒక పేజీ ప్లాను చేతిలో పెట్టుకుని వెళ్లండి.

పరిచయ పాఠానికి రెండు పనులు తప్పకుండా కుదురుతాయి. మన రూపాయి నోటును పెద్దగా చూపించి ఎన్ని భాషలున్నాయో లెక్కపెట్టమనండి. పక్కనున్న పట్టీలో 15, హిందీ, ఇంగ్లిష్ కలిపి 17. తెలుగు వరస ఎక్కడుందో వెతికించండి. రెండోది, పిల్లల పేర్లను తెలుగులో రాసి కార్డులివ్వడం. సకురా, హరుతో, యుయి లాంటి పేర్లు తెలుగు అక్షరాల్లో చక్కగా ఒదుగుతాయి. ఆ కార్డును పెన్సిల్ బాక్సులో నెలల తరబడి దాచుకుంటారు.

తరచు జరిగే పొరపాటు, పీరియడంతా టీచరే మాట్లాడటం. ఇంకోటి, "అర్థమైందా?" అని అడిగి అందరూ తల ఊపితే సరేననుకోవడం. వాళ్లు మర్యాదకు ఊపుతారు. బదులుగా ఏదైనా చేయించండి: నీలం వస్తువు చూపించు, పక్కవాణ్ని వయసు అడుగు, కార్డు ఎత్తు. ముగ్గురు నలుగురు పక్కవాళ్లను చూసి ఎత్తుతుంటే మళ్లీ చెప్పాలన్నమాట.

యాస గురించి చాలామంది భయపడి అడుగుతారు. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకోకండి. నిదానంగా, పదం చివర మింగకుండా మాట్లాడండి, పాఠ్యపుస్తకం ఆడియో పక్కన వినిపించండి. ఇంగ్లిష్ ఎన్నో రకాలుగా మాట్లాడతారని ఆ పిల్లలకు తెలియడం మంచిదే, అది మీ లోపం కాదు.

10. భూకంపానికి సిద్ధం

నీళ్లు, టార్చి, పాస్‌పోర్టు కాపీ, మందులు, నగదు, కొన్ని బిస్కెట్లు ఒక బ్యాగులో పెట్టి గుమ్మం దగ్గర ఉంచండి. అల్మారాను గోడకు బిగించండి, మంచం పక్కన బరువైనవి పెట్టకండి. మీ పేటకు ఆశ్రయ కేంద్రం సాధారణంగా ఏదో ఒక బడే, అది మీరు పనిచేసే బడి కూడా కావచ్చు. అలాంటప్పుడు మీరేం చేయాలో ముందే అడిగి ఉంచుకోండి. పోలీసుకు 110, అంబులెన్సుకు, ఫైరింజన్‌కు 119.

షిందో అనే జపాన్ భూకంప తీవ్రత కొలమానంలో 5 స్థాయి కుదుపు వస్తే గ్యాస్ మీటరు దానంతటదే ఆగిపోతుంది. స్టవ్వు వెలగట్లేదని కంగారుపడకండి. గ్యాస్ వాసన లేదని చూసుకుని, అన్ని పరికరాలు ఆపి, బయటున్న మీటరు మీద బటన్ నొక్కి, మూడు నిమిషాలు ఆగితే తిరిగి వస్తుంది. వాసన వస్తే మాత్రం దాన్ని ముట్టుకోకుండా గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

11. తర్వాత వచ్చే బిల్లులు

జీతం స్లిప్పులో ఆరోగ్య బీమా, పెన్షన్ కోతలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే జాతీయ పెన్షన్ మీరే కట్టాలి, 2025-26లో నెలకు 17,510 యెన్లు. ఆదాయం తక్కువైతే మినహాయింపు అడగవచ్చు, సిటీ ఆఫీసులోనే.

రెండో ఏడాది జూన్‌లో నివాస పన్ను బిల్లు వస్తుంది. కిందటి ఏడాది ఆదాయంలో పన్ను వేసే భాగం మీద సుమారు 10 శాతం. మొదటి ఏడాది ఇది లేదు కాబట్టి ఆ డబ్బు ఖర్చయిపోతుంది. నెలనెలా కొంత పక్కన పెట్టండి. జనవరి 1న జపాన్‌లో ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది, మార్చిలో ఇండియా వచ్చేసినా బాకీ అలాగే ఉంటుంది.

కనీసం ఆరు నెలలు పెన్షన్ కట్టినవాళ్లు జపాన్ వదిలాక రెండేళ్లలోపు కొంత మొత్తం వెనక్కి అడగవచ్చు. భారత్, జపాన్ మధ్య 2016 అక్టోబరు నుంచి, రెండు దేశాల్లో పెన్షన్ కట్టిన కాలాన్ని కలిపి లెక్కేసే సామాజిక భద్రత ఒప్పందం ఉంది. డబ్బు వెనక్కి తీసుకుంటే ఆ కాలం లెక్కలోకి రాదు, అది ఆలోచించుకుని అడగండి. దరఖాస్తుకు పెన్షన్ నంబరు, బ్యాంకు వివరాలు, పాస్‌పోర్టు కాపీ కావాలి. తిరిగి వచ్చేటప్పుడు జైర్యూ కార్డు ఎయిర్‌పోర్టులో ఇచ్చేయాలి, అందుకే ముందు రోజే రెండు వైపులా ఫొటో తీసి ఈ కాగితాలతో కలిపి పెట్టుకోండి.